మాంటిసోరి, టీచర్ ట్రైనింగ్, యూనివర్సిటీ: మూడు ముద్రల చిక్కుముడి

విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల వరసలో నడుస్తూ పోస్టర్లు చదవండి. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, ఐఈఎల్‌టీఎస్, వాటి మధ్యలో ఇంకో రకం తగులుతుంది: ‘మాంటిసోరి టీచర్ ట్రైనింగ్, ఆరు నెలల్లో యూనివర్సిటీ సర్టిఫికెట్, ఉద్యోగం గ్యారంటీ’. గాజువాక, మధురవాడ, ఎంవీపీ కాలనీ, ఎక్కడికెళ్లినా ఇదే వరస. ఇంటర్ అయిపోయిన అమ్మాయిలు, పెళ్లయ్యాక ఉద్యోగం మానేసి, పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ ఏదైనా చేద్దామనుకునే ఆడవాళ్లు ఎక్కువగా ఆ నంబర్లకు ఫోన్ చేస్తుంటారు.

ఆ ఒక్క లైనులో మూడు వేరువేరు వ్యవస్థలు ఇరుక్కుని ఉన్నాయి. మాంటిసోరి అంటే చిన్నపిల్లలు ప్రత్యేకమైన వస్తువులతో చేత్తో పనిచేస్తూ నేర్చుకునే ఒక బోధనా పద్ధతి; దాని డిప్లొమాలు ఇచ్చేవి కొన్ని సంఘాలు. టీచర్ అర్హతను ప్రభుత్వం చట్టం పెట్టి నిర్ణయిస్తుంది. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. మన దేశంలో ఈ మూడూ ఒకేచోట దొరకడం చాలా అరుదు. ఒక ముద్ర కనబడింది కదా అని మిగతా రెండూ ఉన్నట్టే అనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది.

పేరు ఎవరి సొత్తూ కాదు

ముందు పేరు సంగతి చూద్దాం. ఈ పేరు మీద హక్కు ఎవరిదన్న తగాదా 1967లో అమెరికాలో నడిచింది. రెండు మాంటిసోరి సంఘాలు పోట్లాడుకుంటే, ఇది ఒక చదువు పద్ధతికి అందరూ వాడుతున్న పేరు, ఏ ఒక్కరికీ రాసివ్వలేం అని అక్కడి ట్రేడ్‌మార్క్ బోర్డు తేల్చేసింది. మన దగ్గర కూడా రేపు పొద్దున ఎవరైనా పెందుర్తిలో రెండు గదులు అద్దెకు తీసుకుని బోర్డు మీద మాంటిసోరి అని రాయించుకుంటే, ఏ డిప్లొమాతో రాశావని అడిగే నాథుడు లేడు. బడులకే కాదు, ట్రైనింగ్ సెంటర్లకూ ఇదే వర్తిస్తుంది.

తెలుగువాళ్లకు ఈ పేరు కొత్తది కూడా కాదు. విజయవాడలో వి. కోటేశ్వరమ్మగారు 1955లోనే మాంటిసోరి పేరుతో పిల్లల బడి పెట్టారు. తర్వాత అదే పేరుతో మహిళా కళాశాల వచ్చింది. 2017లో ఆవిడకు పద్మశ్రీ ఇచ్చారు. అందుకే బెజవాడ వైపు చాలా ఇళ్లలో మాంటిసోరి అనగానే చెక్క బొమ్మలకంటే ముందు ఆడపిల్లల చదువు గుర్తొస్తుంది. మంచి పేరే తెచ్చుకుంది ఆ మాట. ఆ మంచి పేరునే ఇప్పుడు పోస్టర్లు వాడుకుంటున్నాయి.

మరియా మాంటిసోరి వృత్తిరీత్యా డాక్టరు. 1896లో రోమ్ యూనివర్సిటీలో వైద్య పట్టా తీసుకున్నారు. 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో మొదటి ‘పిల్లల ఇల్లు’ తెరిచారు. రెండేళ్లు దాటాక, 1909లో, టీచర్లకు మొదటి కోర్సు నడిపారు. మన విషయానికి కావలసింది ఇక్కడుంది: టీచర్ల ట్రైనింగ్‌ను ఆవిడ యూనివర్సిటీల చేతిలో పెట్టలేదు. తొలి రోజుల్లో ఆవిడ దగ్గర డిప్లొమా పుచ్చుకున్నవాళ్లు సొంతంగా బడి నడుపుకోవచ్చు గాని, ఇంకొకరికి ట్రైనింగ్ ఇచ్చే హక్కు మాత్రం వాళ్లకు ఉండేది కాదు. చేతులు మారేకొద్దీ పద్ధతి పలచబడిపోతుందని ఆవిడ భయం. 1929లో కొడుకు మారియోతో కలిసి స్థాపించిన అంతర్జాతీయ సంఘం, అందరూ ఏఎంఐ అని పిలిచేది, ఇప్పటికీ ఆ బాటలోనే ఉంది. సొంత శిక్షకులు, సొంత పరీక్షలు, బయటి నుంచి వచ్చే సొంత ఎగ్జామినర్లు.

ఇండియాకు ఈ ట్రైనింగ్ వచ్చింది కూడా యూనివర్సిటీ గేటు గుండా కాదు. 1939లో దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జ్ అరండేల్ పిలిస్తే ఆవిడ మద్రాసులోని అడయారు వచ్చారు. మొదటి కోర్సుకు దేశం నలుమూలల నుంచి 300 మంది దాకా చేరారు. మరుసటి ఏడాది జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఇటలీ వాళ్లు కాబట్టి బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించింది, ఆవిడను అడయారు దాటకుండా కట్టడి చేసింది. 1940 ఆగస్టు 31న, ఆవిడ 70వ పుట్టినరోజుకు, మారియోను వదిలిపెట్టారు. కొన్నాళ్లకని వచ్చిన మనిషి ఏళ్ల తరబడి ఉండిపోయి, మద్రాసులో, కొడైకెనాల్‌లో, ఇంకా ఎన్నో చోట్ల కోర్సులు నడిపారు. మధ్యలో యూరప్ వెళ్లి మళ్లీ వచ్చి, 1949 దాకా ఇక్కడ పనిచేశారు. ఆ తర్వాత ఆల్బర్ట్ యోస్టెన్ అనే శిష్యుడు దశాబ్దాల పాటు ఊరూరా తిరిగి ఆ కోర్సులను కొనసాగించాడు. ఈరోజు చెన్నై, ముంబై, హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉన్న ఏఎంఐ కోర్సులైనా, బెంగళూరు కేంద్రంగా నడిచే ఇండియన్ మాంటిసోరి సెంటర్ కోర్సులైనా ఆ వంశంలోవే. వీటిలో దేని చివరా డిగ్రీ రాదు. వచ్చేది డిప్లొమా. దాని విలువ ఆ సంఘం పేరులో ఉంటుంది గాని ప్రభుత్వ గెజిట్‌లో ఉండదు.

యూనివర్సిటీలో మాంటిసోరి అంటే

అలాగని ప్రపంచంలో ఎక్కడా యూనివర్సిటీలో ఈ చదువు లేదా అంటే, ఉంది. అమెరికాలో నాన్సీ రాంబుష్ అనే ఆవిడ 1960లో అమెరికన్ మాంటిసోరి సొసైటీని, అంటే ఏఎంఎస్‌ని, స్థాపించారు. ఈ పద్ధతి అమెరికన్ సమాజానికి తగ్గట్టు మారాలి, అక్కడి టీచర్ లైసెన్సులతో, కాలేజీలతో కలవాలి అన్నది ఆ వర్గం వాదన. ఏఎంఐ ఒప్పుకోలేదు. 1963కల్లా దారులు వేరయ్యాయి. ట్రైనింగ్ యూనివర్సిటీలోకి వెళ్తే విస్తరిస్తుందా, పలచబడుతుందా అన్న గొడవ అరవై ఏళ్ల కిందే మొదలైందన్నమాట. ఇప్పటికీ తెగలేదు.

తెగకపోయినా మధ్యే మార్గం ఒకటి దొరికింది. మేరీలాండ్‌లోని లొయోలా యూనివర్సిటీ మాంటిసోరి ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ డిగ్రీ ఇస్తుంది. అయితే పిల్లల మెటీరియల్ మీద శిక్షణ జరిగేది ఏఎంఐ ట్రైనింగ్ సెంటర్లో, ఏఎంఐ పద్ధతిలోనే. ఆ డిప్లొమాకు యూనివర్సిటీ క్రెడిట్లు లెక్కగడుతుంది, మిగతా పేపర్లు తను చెబుతుంది. సిన్సినాటిలోని జేవియర్ యూనివర్సిటీ 1960ల నుంచి టీచర్లను తయారుచేస్తోంది. అది ఏఎంఎస్ దారిలో నడుస్తుంది. ట్రైనింగ్ సెంటర్ల నాణ్యత తనిఖీ చేయడానికి మాక్టే అనే మండలి ఉంది, దాన్ని అమెరికా విద్యాశాఖ గుర్తించింది. ఇంత ఏర్పాటున్నా అక్కడ పబ్లిక్ స్కూల్లో పనిచేయాలంటే రాష్ట్రం ఇచ్చే లైసెన్సు వేరే తెచ్చుకోవాలి. డిగ్రీ, డిప్లొమా, లైసెన్సు అక్కడా మూడు కాగితాలే. తేడా ఏమిటంటే అక్కడ ఒకదానికొకటి వంతెనలు వేశారు. మన దగ్గర ఆ వంతెనలు లేవు. ఉన్నాయని పోస్టర్లు చెబుతున్నాయి.

మన చట్టం ఏమంటోంది

ఇండియాలో టీచర్ ట్రైనింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చేది ఎన్‌సీటీఈ, 1993 చట్టం కింద ఏర్పడిన జాతీయ మండలి. 2014 నిబంధనల్లో అది 15 రకాల కోర్సులకు ప్రమాణాలు రాసింది. వాటిలో మాంటిసోరి పేరుతో ఒక్కటీ లేదు. చిన్నపిల్లల టీచర్లకు సంబంధించినది ఒకటుంది: రెండేళ్ల డిప్లొమా ఇన్ ప్రీస్కూల్ ఎడ్యుకేషన్, డీపీఎస్ఈ. ఇంటర్ తర్వాత చేయాలి. ఎన్‌టీటీ, పీపీటీటీ, మాంటిసోరి అని రకరకాల పేర్లతో ఊళ్లో నడిచే ఆర్నెల్ల, ఏడాది కోర్సుల్లో చాలావాటికి దీనితో ఏ సంబంధం లేదు. ఎవరైనా ‘మాది ఎన్‌సీటీఈ గుర్తింపు ఉన్న కోర్సే’ అంటే డీపీఎస్ఈయేనా అని ఒక్క ప్రశ్న వేసి, ఆ కాలేజీ పేరు ఎన్‌సీటీఈ జాబితాలో ఉందో లేదో చూసుకుంటే చాలు.

ప్రభుత్వ ఉద్యోగం సంగతికొస్తే ఇంకా తెగేసి చెప్పొచ్చు. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పే ఎస్‌జీటీ పోస్టుకు ఇంటర్, దాని మీద రెండేళ్ల ప్రైమరీ టీచర్ డిప్లొమా డీఎల్‌ఎడ్, టెట్, ఆ తర్వాత డీఎస్సీ. బీఎడ్ ఉన్నా పనికిరాదు. 2018లో ఎన్‌సీటీఈ బీఎడ్ వాళ్లనూ ప్రైమరీకి అనుమతిస్తే, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదంది. చిన్నపిల్లలకు చెప్పే నేర్పు వేరు, దానికి వేరే శిక్షణ కావాలి అన్నదే ఆ తీర్పు సారం. చిత్రమేమిటంటే మాంటిసోరి వాదులు నూరేళ్లుగా చెబుతున్నదీ అదే. కానీ ఆ తీర్పు వల్ల మాంటిసోరి డిప్లొమాకు ఒరిగిందేమీ లేదు. 2025లో మన రాష్ట్రం 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వేసింది. అందులో ఆ డిప్లొమాను అర్హతగా అడిగిన పోస్టు లేదు. అంగన్‌వాడీ కార్యకర్త పోస్టుకు చూసేది పదో తరగతి, స్థానికత.

నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ నడిపే ప్రైవేటు ప్లే స్కూళ్ల లోకం వేరు. విద్యాహక్కు చట్టం మొదలయ్యేదే ఆరేళ్ల వయసు నుంచి. అంతకంటే చిన్నపిల్లల దగ్గర ఎవరు పనిచేయాలన్న దాని మీద పట్టు చాలా వదులు. పోస్టర్ల వ్యాపారం నడిచేది ఈ ఖాళీలోనే.

2020 జాతీయ విద్యా విధానం ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నం మొదలుపెట్టింది. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకటే దశ, ఫౌండేషనల్ స్టేజ్ అంది. 2030 నాటికి టీచర్‌కు కనీస అర్హత నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఎడ్ కావాలంది. ఆ కోర్సు, ఐటెప్, 2023లో ఎంపిక చేసిన సంస్థల్లో మొదలైంది. ఇంటర్ తర్వాత ఎన్‌సెట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. ఐటెప్‌లో ఫౌండేషనల్ స్టేజ్‌ను ఎంచుకునే వీలుంది. అంటే మూడేళ్ల పిల్లల టీచర్‌కు పూర్తి స్థాయి యూనివర్సిటీ డిగ్రీ దారి తెరుచుకుంది. దీంట్లో మాంటిసోరి ఒక పాఠంగా వస్తుందే తప్ప ట్రైనింగ్‌గా రాదు. ఇప్పటి బీఎడ్, డీఎల్‌ఎడ్ పుస్తకాల్లో ఉన్నట్టే. టెట్ బిట్లు చదివినవాళ్లకు తెలుసు: కిండర్‌గార్టెన్ ఎవరిది, ఫ్రోబెల్; పిల్లల ఇల్లు ఎవరిది, మాంటిసోరి. ఒక మార్కు.

పోస్టర్‌ని చదవడం

‘యూనివర్సిటీ సర్టిఫికెట్’ అన్నప్పుడు ఏ యూనివర్సిటీ అని అడగాలి. చాలాసార్లు వేరే రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీ పేరు చెబుతారు. ఒక రాష్ట్ర చట్టంతో పుట్టిన ప్రైవేటు యూనివర్సిటీ తన రాష్ట్రం దాటి వచ్చి మన సందులో స్టడీ సెంటర్ పెట్టడానికి, కోర్సును ఫ్రాంచైజీకి ఇవ్వడానికి యూజీసీ ఒప్పుకోదు. దూరవిద్య అంటే, ఆ ఏడాదికి ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉందో లేదో చూడాలి. యూనివర్సిటీ అసలుదే కావచ్చు, దాని చేతి కింద ఈ కోర్సు ఉండకపోవచ్చు. మార్కుల మెమో మీద ఎవరి పేరు ఉంటుంది, పరీక్ష పేపరు ఎవరు దిద్దుతారు అని అడిగితే సగం సెంటర్లలో కౌన్సెలర్ గొంతు మారిపోతుంది.

‘గవర్నమెంట్ రిజిస్టర్డ్’ అంటే తరచుగా సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ అయ్యారని. కిరాణా కొట్టుకీ రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఎంఎస్ఎంఈ నంబరు చిన్న వ్యాపారానికి ఇచ్చేది, నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు స్వచ్ఛంద సంస్థల నమోదు, ఐఎస్‌ఓ 9001 నిర్వహణ పద్ధతుల మీద ప్రైవేటు ఏజెన్సీలు ఇచ్చే సర్టిఫికెట్. మూడింటిలో ఏదీ మీ చదువు గురించి ఒక్క ముక్క చెప్పదు. ‘అంతర్జాతీయ గుర్తింపు’ అన్నచోట ఏఎంఐ అనో, ఏఎంఎస్ అనో, మాక్టే అనో కనబడితే ఆ సంస్థల వెబ్‌సైట్లలో సెంటర్ పేరు వెతకండి. వాళ్ల జాబితాలు బహిరంగంగానే ఉంటాయి. కొన్నిచోట్ల ఈ అక్షరాల్లో ఒకటి అటూ ఇటూ మార్చి కొత్త సంఘం పేరు పుట్టిస్తారు. తొందరలో కన్ను పట్టుకోదు.

ఇగ్నో డీఈసీఈ గురించి కూడా చెప్పాలి. చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీద ఏడాది డిప్లొమా, ఇంటర్ చాలు, విశాఖలో ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉంది. కేంద్ర ప్రభుత్వ యూనివర్సిటీ ఇచ్చే కాగితం కావాలి, ఇంట్లో ఉండి చదువుకోవాలి అనుకునేవాళ్లకు ఇది నిజాయితీ గల దారి. మాంటిసోరి కాదు. తానదేనని అది చెప్పుకోదు కూడా.

అసలు ట్రైనింగ్‌లో ఏం చేస్తారు

కాగితాల గోల పక్కనపెడితే, ఆర్నెల్ల వారాంతపు కోర్సుకీ అసలు డిప్లొమాకీ తేడా ఒక్క వస్తువు దగ్గర కనబడుతుంది. పింక్ టవర్ తీసుకుందాం. గులాబీ రంగు వేసిన చెక్క ఘనాలు పది. పెద్దది పది సెంటీమీటర్లు, చిన్నది ఒక సెంటీమీటరు, మధ్యలోవి ఒక్కో సెంటీమీటరు చొప్పున తగ్గుతూ వస్తాయి. ట్రైనీ ముందు నేల మీద చాప పరవాలి. తర్వాత ఘనాలను ఒక్కొక్కటిగా మోసుకురావాలి, అంటే అలమరకీ చాపకీ మధ్య పదిసార్లు నడవాలి. పెద్దదాన్ని రెండు చేతులా పట్టుకోవాలి, చిన్నదాన్ని వేళ్ల కొసలతో. చాప మీద కలగాపులగంగా పెట్టి, అన్నిటికంటే పెద్దది ఏదో కళ్లతో వెతికి, తీసి పెట్టి, మిగిలినవాటిలో పెద్దది వెతికి దాని నడిమధ్యన పెట్టి, అలా చివరిదాకా. నోటి వెంట మాట రాకూడదు. పక్కన కూర్చున్న పిల్ల చూపు చేతుల మీద ఉండాలి గాని మన ముఖం మీద కాదు. తర్వాత పిల్ల చేస్తుంది. తప్పు పెడితే దిద్దరు. గోపురం మధ్యలో బుడిపెలా పొడుచుకొస్తే పిల్ల కంటికే తెలిసిపోతుంది.

వినడానికి ఇంతే. చేస్తే తెలుస్తుంది. ఎంఎస్సీ చదివి, పదేళ్లు క్లాసులో గొంతు చించుకుని పాఠం చెప్పినవాళ్లకు ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండటం చేతకాదు. ‘చూడు నాన్నా, ఇది పెద్దది కదా’ అని నోరు జారుతుంది. పెద్ద ఘనంలో చిన్న ఘనాలు సరిగ్గా వెయ్యి పడతాయన్నది పిల్లకు చెప్పేయాలనీ ఉంటుంది. చెప్పరు. ఆ వెయ్యి ఏడాదో రెండేళ్లో పోయాక బంగారు పూసల రూపంలో చేతికొస్తుంది: విడి పూస ఒకటి, పది పూసల కడ్డీ, వంద పూసల పలక, వెయ్యి పూసల ఘనం. అప్పటికి చేతులకు ఆ లెక్క పరిచయమై ఉంటుంది.

ఇలాంటి ప్రెజెంటేషన్లు ఒక్కోటీ ట్రైనీ ఆల్బమ్‌లో రాసుకోవాలి: ఎందుకు, ఏ వయసుకి, ఏ వరసలో, పొరపాటు ఎలా బయటపడుతుంది, బొమ్మతో సహా. నిత్యజీవిత పనులకో ఆల్బమ్, దీన్నే ట్రైనీలు ఈపీఎల్ అంటారు. ఇంద్రియాలకో ఆల్బమ్, భాషకో ఆల్బమ్, లెక్కలకో ఆల్బమ్. వందల పేజీలు. ఈపీఎల్‌లో బియ్యమో చోళ్లో ఒక జగ్గులోంచి ఇంకో జగ్గులోకి వంపడం కూడా అంతే శ్రద్ధగా రాయాలి. తర్వాత గంటల కొద్దీ పరిశీలన: నడుస్తున్న క్లాసులో ఒక మూల కుర్చీలో కూర్చుని, పలకరించకుండా, సాయం చేయకుండా, ఏ పిల్ల ఏం చేస్తోందో రాస్తూ పోవాలి. ఆ పైన అనుభవమున్న టీచర్ కింద వారాల తరబడి ప్రాక్టీస్, రాత పరీక్ష, మెటీరియల్ ముందు నిలబడి మౌఖిక పరీక్ష. థియరీ కొంత ఆన్‌లైన్‌లో చెప్పినా ఫర్వాలేదు. చేతి పని ఫోన్ స్క్రీన్ మీద రాదు.

ట్రైనింగ్ లోతు ముఖ్యమని నమ్మడానికి ఆధారం కూడా ఉంది. అమెరికాలో ఏంజెలిన్ లిలార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2012లో మూడు రకాల ప్రీస్కూళ్లను పోల్చారు: పద్ధతిని నిక్కచ్చిగా పాటించే మాంటిసోరి, వర్క్‌షీట్లూ మామూలు బొమ్మలూ కలిపేసిన మాంటిసోరి, మామూలు బడి. ఏడాదిలో పిల్లలు ఎక్కువ ముందుకెళ్లింది మొదటి రకంలో. కలగలుపు మాంటిసోరి మామూలు బడి కంటే పెద్దగా మెరుగనిపించుకోలేదు. మన ఊరి బడుల్లో ఎక్కువ భాగం ఏ రకమో చెప్పక్కర్లేదు. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకే గదిలో కలిసి ఉండాల్సిన పద్ధతిని నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అని ముక్కలు చేసి, హోంవర్కు ఇచ్చి, అలమరలో పింక్ టవర్‌ను అద్దాల వెనక పెట్టి తాళం వేసిన చోట్లు మనందరం చూసినవే.

విశాఖలో ఉండి ఏం చేయొచ్చు

ప్రభుత్వ బడిలో టీచర్ కావాలన్నది లక్ష్యమైతే మాంటిసోరి గురించి ఇప్పుడు ఆలోచించకండి. డీఎల్‌ఎడ్ చేయండి. భీమిలిలో డైట్, అంటే జిల్లా స్థాయి ప్రభుత్వ టీచర్ ట్రైనింగ్ సంస్థ, ఉంది. హైస్కూలు వైపు వెళ్లాలంటే ఎడ్‌సెట్ రాసి బీఎడ్. ఆంధ్రా యూనివర్సిటీలో దానికి, ఎంఎడ్‌కి పాతుకుపోయిన విభాగం ఉంది. ఉద్యోగం వచ్చాక మాంటిసోరి నేర్చుకుంటే మీ ఒకటో తరగతి గదికి అది వరం. ముందే నేర్చుకుంటే మీ టెట్ ప్రిపరేషన్‌కి ఒక ఏడాది గండి.

డిగ్రీ ఉంది, సర్కారు కొలువు మీద ఆశ లేదు, చిన్నపిల్లల దగ్గర మనసు పెట్టి పనిచేయాలి అనుకునేవాళ్లకు లెక్క తిరగబడుతుంది. యూనివర్సిటీ ముద్ర మీకు అక్కర్లేదు. పేరున్న సంఘం డిప్లొమా, అది ఎంత కష్టమైనా, మీకు జీవితాంతం పనికొస్తుంది. ఇబ్బందల్లా దూరం. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్ అన్నది నిజమేగాని, ఏడాది పాటు పిల్లల్ని వదిలి హాస్టల్లో ఉండటం అందరికీ కుదరదు. కొన్ని సంఘాలు వరస వేసవి సెలవుల్లోనో విడతలుగానో కోర్సు పెడతాయి; అడిగి చూడండి. అది కూడా కాదంటే, ఊళ్లోనే ఉన్న కోర్సులో చేరే ముందు క్లాసు రూములోకి వెళ్లి చూడండి. పూర్తి మెటీరియల్ సెట్టు ఉందా, దాని మీద వేలిముద్రలు ఉన్నాయా, ప్రాక్టీస్‌కి పంపే బడి ఏది, నేర్పే మేడమ్ ఎక్కడ నేర్చుకున్నారు? డబ్బు కట్టాక అడిగే ప్రశ్నలు కావు ఇవి.

విదేశాలకు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు ఒకే మాట. అక్కడి మాంటిసోరి బడులు అడిగేది ఏఎంఐ, లేదా మాక్టే గుర్తింపున్న డిప్లొమా. డిగ్రీ విలువ కట్టే ఏజెన్సీలకు యూనివర్సిటీ పట్టా కావాలి. ఇక్కడి ప్రైవేటు ఏడాది డిప్లొమా రెండు లెక్కల్లోకీ రాదు.

సొంతంగా బడి పెడదామనుకునేవాళ్లు నాకు ఎక్కువ తగులుతుంటారు, మధురవాడ వైపు మరీను. మీకు రెండు కాగితాలూ కావాలి అనే చెబుతాను. ఒకటి తల్లిదండ్రులకూ, రేపు ప్రీస్కూళ్ల మీద నియమాలు బిగిస్తే అధికారులకూ చూపించడానికి. ఇంకొకటి గదిలో పిల్లల ముందు కూర్చోవడానికి.

యూనివర్సిటీ నిజంగా చేయగల పని

ఇంతా చెప్పి యూనివర్సిటీకి ఈ విషయంలో పనేం లేదని అనడం లేదు. ముద్ర వేయడం కంటే పెద్ద పని ఒకటి అక్కడ పడి ఉంది. మంచి డిప్లొమా కోర్సుల్లో కూడా భాష ఆల్బమ్ ఇంగ్లీషు కోసం తయారైంది. గరుకు కాగితం అక్షరాలు 26. పిల్ల వేళ్లతో దిద్దుతూ ధ్వని పలుకుతుంది, ఆ తర్వాత విడి అక్షరాల పెట్టెలోంచి తీసి క్యాట్, మ్యాట్ అని పక్కపక్కన పేరుస్తుంది. రాయడం చేతికి రాకముందే మాట కూర్చడం వస్తుంది. అదే ఆ పద్ధతిలోని గొప్ప ఎత్తుగడ.

తెలుగులో అది రెండో రోజే ఆగిపోతుంది. పిల్ల మొదట రాయాలనుకునే మాటలు చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, కుక్క, పిల్లి, బొమ్మ. అన్నిటికీ వత్తు. వత్తు పక్కన పేర్చేది కాదు, కింద తగిలించేది. ‘కి’ రాయాలంటే క పక్కన ఇంకో ముక్క పెడితే కుదరదు; తలకట్టు తీసేసి ఆ చోట గుడి పెట్టాలి. అన్ని గుణింతాలూ విడి ముక్కలుగా కోసి పెట్టెలో పోస్తే నాలుగు వందలు దాటుతాయి. నాలుగేళ్ల పిల్ల వెతుక్కోలేదు. తలకట్టు లేని అక్షరాలు ఒక రంగులో, గుణింతం గుర్తులు ఇంకో రంగులో, వత్తులు మూడో రంగులో చేయాలా? ఏ అక్షరం ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలన్న దాంట్లో కూడా మన టీచర్లందరూ ఒకేలా రాయరు. వేళ్లతో దిద్దించే పద్ధతికి అది చిన్న విషయం కాదు.

గుణింతం గుర్తులూ వత్తులూ లేని మాటలతో మొదలుపెట్టడం ఒక దారి. మన ఊరి పిల్లలకు అవి కొదవలేదు: అల, వల, పడవ, ఓడ. జాలారిపేట పిల్ల ఈ నాలుగూ పెట్టెలోంచి తీసి పేర్చగలదు, నాలుగూ ఆమెకు రోజూ కళ్లబడేవే. ఆ తర్వాత ఏ గుర్తు ముందు రావాలి, వత్తు ఎప్పుడు పరిచయం చేయాలి, అమ్మను పిల్ల అడిగిన రోజు ఏం చేయాలి అన్నవి ఊహించి చెప్పే సంగతులు కావు, పిల్లల దగ్గర పరీక్షించి తేల్చాల్సినవి. తెలుగు, భాషాశాస్త్రం, సైకాలజీ, ఎడ్యుకేషన్ విభాగాలు ఒకే క్యాంపస్‌లో ఉన్న ఆంధ్రా యూనివర్సిటీకి ఇది అందని పని కాదు. ఎంఎడ్ విద్యార్థులు ఏటా డిసర్టేషన్లకు అంశాలు వెతుక్కుంటూనే ఉంటారు; ‘టీచర్ల వైఖరిపై ఒక అధ్యయనం’ అని ప్రశ్నపత్రాలు పంచడం కంటే, రెండు మూడు రకాల అక్షరాల పెట్టెలు చేయించి ఏడాది పాటు నాలుగు అంగన్‌వాడీల్లో వాడి చూస్తే తేలేది చాలా ఉంటుంది. చిన్నపిల్లలకు ఇంటి భాషలోనే చెప్పాలని జాతీయ విద్యా విధానమూ అంటోంది. ఈలోగా తెలుగు బడుల్లో పనిచేసే మాంటిసోరి టీచర్లు ఎవరికి వాళ్లు అట్టలు కత్తిరించుకుని, తమకు తోచిన రంగులు వేసుకుని నెట్టుకొస్తున్నారు.